పెట్టెలో బిస్కెట్లు పెట్టకూడదు

“దొరికింది! పాత పెట్టె పోయినట్టుంది, నేనే కొత్తది పెట్టాను. థ్యాంక్స్!”

ఆదివారం సాయంత్రం కంప్యూటర్ మీద ఈ ఇంగ్లిష్ ముక్కలు చదివి యూనిస్ కుర్చీలోంచి లేచి నిలబడింది. కోపం వస్తే కూర్చోలేదు ఆ పిల్ల.

“ఏటే, కరెంటు కొట్టిందేటి?” అంది వంటింట్లోంచి నానమ్మ అచ్చమ్మ.

“నా పెట్టె పోయిందంట నానమ్మా! ఈయనెవడో కొత్తది ఎట్టీసి దొరికింది అని రాసీసుకున్నాడు!”

“పోతే పోనీ. డబ్బా ముక్కేగా.”

అలా అన్నందుకు అచ్చమ్మ ఆ రోజు ఒంటరిగా టీ తాగాల్సి వచ్చింది. మనవరాలు గొడుగు పట్టుకుని వానలోకి వెళ్లిపోయింది.

విషయం ఏమిటంటే, జియోక్యాచింగ్ అని ఒక ఆట ఉంది. ఎవరో ఒకరు ఒక పెట్టె దాచి, అది ఎక్కడుందో అక్షాంశం, రేఖాంశం ఇంటర్నెట్‌లో పెడతారు. ప్రపంచంలో ఎవరైనా సరే జీపీఎస్ పట్టుకుని వచ్చి వెతకొచ్చు. దొరికితే లోపలున్న కాగితం మీద సంతకం చేసి, ఎలా ఉన్నది అలా పెట్టేసి, వెబ్ పేజీలో ‘దొరికింది’ అని రాస్తారు. దొరక్కపోతే ‘దొరకలేదు’ అని రాస్తారు. దాచినవాళ్లని ఓనర్ అంటారు. హౌరా పక్కనున్న లిలువాలో ఓనర్ యూనిస్.

కలకత్తా చూడటానికి వచ్చినవాళ్లు హౌరా బ్రిడ్జి దాకా వచ్చి వెనక్కి తిరుగుతారు. లిలువా మీదుగా రైల్లో పోతారే గాని ఎవరూ దిగరు. యూనిస్ ముత్తాత భీమిలి వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చాడు. పగలు సుత్తి పట్టి, సాయంత్రాలు ఇటుకలు మోసి, ఆయనా ఆయనతో వచ్చినవాళ్లూ కలిసి ఇప్పుడు యూనిస్ వాళ్లుంటున్న సందులో తెలుగు చర్చి కట్టుకున్నారు. ఆ సంగతి లోకంలో ఎక్కడా రాసి లేదు, ఆ చర్చి రాయి మీదా యూనిస్ పెట్టె తాలూకు పేజీలోనూ తప్ప. ఆ పేజీ చదివి జర్మనీ నుంచి భార్యాభర్తలు వచ్చారు. బెంగళూరు నుంచి ఒక లెక్చరరమ్మ వచ్చింది. అందరూ అచ్చమ్మ చేతి దిబ్బరొట్టె తిని వెళ్లారు. హౌరాలో కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకునే యూనిస్‌కి, తన సందుకి మనుషులు రావడం కన్నా పెద్ద గొప్ప ఇంకోటి లేదు.

వానలో చర్చి ఆవరణలోకి వెళ్లి చూసుకుంది. పెట్టె భద్రంగా ఉంది. ఎక్కడుందో నేను ఇప్పుడే చెప్పను. వెతికేవాళ్ల సరదా పాడుచేయకూడదన్నది ఈ ఆటలో పెద్ద మర్యాద.

మరి ఆ మహానుభావుడు పెట్టిన కొత్తది ఎక్కడుంది? రాయలేదు. చీకటి పడింది, కనబడలేదు. ఇంటికొచ్చి ఆయనకి మెసేజ్ పెట్టింది. “నా పెట్టె చోటు కదల్లేదు. మీరు పెట్టింది వెంటనే వచ్చి తీసుకెళ్లండి.”

ఆయన వచ్చేలోపే, తెల్లారగానే ఆ పని సందు కుక్క లాల్టూ చేసింది. క్రోటన్ మొక్కల వెనకనుంచి నల్ల టేపు చుట్టిన డబ్బా ఒకటి లాక్కొచ్చి చర్చి గేటు ముందు పడేసింది.

ముంబైలో ఉగ్రవాదుల ఘోరం జరిగి ఏడాది కూడా కాలేదు. నల్ల టేపు, మూత బిగించిన డబ్బా, ప్రార్థన స్థలం. క్షణాల మీద సందు ఖాళీ అయింది. “బొమా! బాంబు!” అని ఎవరో అరిచారు. పోలీసులు వచ్చారు. స్టేషన్ పెద్ద, బడోబాబు అందరినీ దూరంగా తరిమి, చివరికి మూత తీయించాడు.

లోపల తడిసి ముద్దయిన ఒక పాకెట్ బిస్కెట్లు, దండు దండు చీమలు, చార్మినార్ బొమ్మ ఉన్న కీచైను.

బడోబాబు నవ్వాడు. సంఘ పెద్ద ఎలీయాజరు నవ్వలేదు. నెత్తురు లేని ముఖంతో గేటు దగ్గరే నిలబడిపోయాడు.

“ఏటమ్మా ఇది?” అన్నాడు యూనిస్‌తో. “ఏ గొడవా రాదని చెప్తేనే నానొప్పుకున్నాను. కదా?”

“ఇది నాది కాదు పెదనాన్నా.”

“ఎవల్దయితేనేటి, నీ ఆట వల్లేగా వచ్చింది? శుక్రవారం కమిటీ కూర్చుంటాది. అప్పుడే తేల్చీసుకుందాం. నీది కూడా తీసీడమే.”

శుక్రవారం బంద్. రైళ్లుండవు, బస్సులుండవు, అందరూ ఇళ్లలోనే ఉంటారు. లిలువాలో కమిటీ మీటింగులకి అంతకన్నా మంచి రోజు దొరకదు.

ఆవరణ యజమాని కాదంటే పెట్టె తీసేయాల్సిందే, అది కూడా నియమమే. పెట్టె పోతే పేజీ మూసేస్తారు. ఇక లిలువాలో ఎవరూ దిగరు. నేను తియ్యను గాక తియ్యను అనుకుంది యూనిస్.

* * *

మంగళవారం సాయంత్రం గేటు దగ్గర ఒక కుర్రాడు కనిపించాడు. మెడలో జీపీఎస్, చేతిలో గాలికి తిరగబడ్డ గొడుగు. ఆ గొడుగుని సరిచేయాలని తంటాలు పడుతూ నిండా తడుస్తున్నాడు.

“యూనిస్ గారంటే మీరేనా అండీ?”

“బిస్కెట్లు పెట్టింది మీరేనా?”

కుర్రాడు గొడుగు దించేశాడు. “కామేష్ అండి. వరంగల్. సాల్ట్ లేక్‌ల సాఫ్ట్‌వేర్, ఉల్టాడాంగాల రూమ్. నేనైతే మంచికే చేసిన. చానా సేపు వెతికిన, దొరకలె. వానకు కొట్టుకపోయిందేమో, పాపం ఓనర్‌కు సాయం చేద్దామని...”

“దొరక్కపోతే ఏటి రాయాలి?”

“దొరకలేదని.”

“మీరేటి రాశారు?”

కామేష్ చెప్పుల వంక చూసుకున్నాడు. “దొరికిందని.”

“మా పేజీ చదివారా?”

“నంబర్లు చదివిన.”

“నంబర్లు! కింద అంత కథ రాసుకుంటే నంబర్లు చదివారు! పెట్టె చాలా చిన్నదని మొదటి లైన్లోనే ఉంది. మీరు ఎంతదని వెతికారు?”

కామేష్ రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించాడు. ఆ ఎడంలో మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్ పడుతుంది. యూనిస్‌కి నవ్వొచ్చింది. ఇప్పుడు నవ్వితే పరువు పోతుందని పెదవి కొరుక్కుంది.

“తిండి వస్తువులు పెట్టకూడదని తెలీదా?”

“ఉస్మానియా బిస్కెట్లండి. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న. ఎవరన్న తింటే సంతోషపడ్తరని.”

“లాల్టూ చాలా సంతోషపడ్డాడు.”

“లాల్టూ అంటే ఎవరండీ? మీ తమ్ముడా?”

గేటు కింద పడుకున్న లాల్టూ తన పేరు విని తోక ఊపాడు.

ఈసారి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఏడుపొచ్చింది యూనిస్‌కి. పోలీసుల సంగతి, కమిటీ సంగతి, పేజీ సంగతి అంతా చెప్పేసింది. వింటున్నకొద్దీ కామేష్ ముఖం వాడిపోయింది.

“శుక్రవారం నేను వచ్చి మాట్లాడ్త,” అన్నాడు.

“బంద్ కదా, ఎలా వస్తారు?”

“వస్త.”

“ముందు ఆ అబద్ధం తియ్యండి. ఓనర్‌గా నేనే తీసేయొచ్చు. కానీ మీరే తియ్యాలి.”

ఇంటికెళ్లి చూసేసరికి పేజీలో పాత ముక్కలు లేవు. కొత్తవి ఉన్నాయి. “దొరకలేదు. తప్పు వెతికినవాడిది. ఓనర్ కోపం చాలా బాగుంది.”

చివరి ముక్క తీసేయాలా వద్దా అని యూనిస్ చాలాసేపు ఆలోచించింది. తీయలేదు.

* * *

బుధవారం మళ్లీ వచ్చాడు. గురువారమూ వచ్చాడు. ఆఫీసు అవగానే లోకల్ ట్రైన్‌లో దిగి, చీకటి పడేదాకా ఆవరణంతా కళ్లతో గాలించేవాడు. దారిన పోయేవాళ్లు చూస్తే చెప్పు బెల్టు సరిచేసుకుంటున్నట్టు వంగేవాడు. ఒక్క రాయి కదపలేదు, ఒక్క కొమ్మ విరచలేదు.

“హింట్ కావాలా?” అంది యూనిస్ గురువారం, ఊరించడానికే.

“వద్దు. ఇస్తరా అయినా?”

“ఇవ్వను.”

“మరెందుకడిగినరు?”

“మీరు అడుగుతారేమో చూద్దామని.”

అచ్చమ్మ ఇద్దరికీ చెరో గ్లాసు టీ తెచ్చి, కుర్రాణ్ణి ఎగాదిగా చూసింది.

“మీ ఇంటికాడ చర్చికెల్తారేటి బాబూ?”

“గుడికి పోతరు నానమ్మా. నేనైతే డబ్బా ఎక్కడుంటే అక్కడికి పోత.”

“డబ్బా కోసవే వస్తన్నావేటి?” అని అచ్చమ్మ గ్లాసులు ఎత్తుకుని వెళ్లిపోయింది. కామేష్ చెవులు ఎర్రబడ్డాయి. యూనిస్ కుళాయి వంక తిరిగి, కడగక్కర్లేని చేతులు కడుక్కుంది.

వర్క్‌షాపు నుంచి సైకిల్ మీద వచ్చిన తండ్రి జీవానందం మాత్రం ఆ కుర్రాడితో మాట కలపలేదు. ఆ పెట్టె ఆయన చేత్తో చేసిందే. పోలీసుల ముందు తలదించుకున్న బాధ ఆయనకి ఇంకా తగ్గలేదు. మూడురోజులుగా కళ్లముందే తిరుగుతున్నవాణ్ణి గేటునో గోడనో చూసినట్టు చూసి లోపలికి వెళ్లిపోతున్నాడు.

ఆ రాత్రి పడుకోబోయే ముందు యూనిస్ తనకు తానే ఒప్పుకుంది. ఆ అబ్బాయి నచ్చాడు. తప్పు చేసి సర్ది చెప్పుకునేవాళ్లని ఎందరినో చూసింది, తప్పు చేసి రోజూ వచ్చి నిలబడేవాణ్ణి ఇతన్నే చూసింది. కానీ పెట్టె పోతే? అతనికి ఇక్కడికొచ్చే పనేముంటుంది?

* * *

శుక్రవారం వాన తెరిపిచ్చి, మళ్లీ పట్టుకుంది. జి.టి. రోడ్డు మీద బస్సుల బదులు కుర్రాళ్లు క్రికెట్ ఆడుతున్నారు. చర్చి వరండాలో కుర్చీలు వేశారు. కమిటీ అని పేరే గాని సందు సందంతా వచ్చింది.

కామేష్ రాలేదు.

“నడిసి రావాలంటే ఉల్టాడాంగా నుంచి ఎంత దూరమో నీకు తెల్దేటి?” అంది అచ్చమ్మ మెల్లిగా. “ఆశెట్టుకోకు.”

యూనిస్ లేచి నిలబడింది. ఎవరూ రాకపోయినా తను మాట్లాడాల్సిందే.

“తప్పు డబ్బా ఎట్టింది ఒకరు. దానికి నా పెట్టెని తియ్యమంటే ఎలా? నేను మీ అందరి దగ్గరా పర్మిషన్ తీసుకునే పెట్టాను. ప్రతి ఆదివారం చూసుకుంటన్నాను. వానకి కాగితం తడిస్తే మార్చాను. ఇన్నాళ్లలో ఒక్క గొడవ వచ్చిందా?”

“ఒక్కటొచ్చింది, అది చాలదేటి?” అన్నాడు ఎలీయాజరు. కోపంగా అనలేదు. “బయమేసిందమ్మా నాకు. పిల్లలున్నారు సందులో. రేపు ఇంకోడొచ్చి తవ్వడని, మొక్కలు పీకడని ఏటి గ్యారంటీ? నువ్వు మంచిదానివే. వచ్చినోడు మంచోడని ఎలగ?”

 ఓనర్ తన మర్యాద తను చూసుకోగలదు. వెతికేవాడి మర్యాదకి ఎవరు పూచీ అనుకుంది యూనిస్.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, నిలువునా తడిసిన కామేష్ లోపలికొచ్చాడు. లాల్టూ వెనకే వచ్చాడు.

“క్షమించాలె. ఒక చెప్పు తెగింది, లేకుంటే టైంకే వస్తుండె.” ఊపిరి తీసుకుని అందరి వైపు తిరిగాడు. “ఆ డబ్బా నాదే. ఈమెకు దానితోని సంబంధం లేదు. నేను పేజీ చదవలే, ఎవర్ని అడగలే, తిండి పెట్టిన, దొరకందే దొరికిందని రాసిన. ఈ ఆటల ఏమేం చెయ్యకూడదో అన్నీ ఒక్కరోజే చేసిన. మీరు తియ్యాల్సింది నన్ను, ఆమె పెట్టెను కాదు.”

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎలీయాజరు కుర్రాడి కాళ్ల వంక చూశాడు. మడమల దగ్గర తోలు లేచిపోయి ఉంది.

“ఎక్కడ్నుంచి నడిసి వచ్చినావు?”

“ఉల్టాడాంగా నుంచి అండి.”

పెద్దాయన గెడ్డం గోక్కున్నాడు. “సరే. అయితే ఇప్పుడు మా అందరి ఎదర వెతుకు. తవ్వకూడదు, పీకకూడదు, ఒక్క మొక్క నలక్కూడదు. తీసింది తీసినట్టు ఎట్టీయాలి. నువ్వు అలగ చేస్తే, వెతకడానికొచ్చినోళ్లు మర్యాదగానే ఉంటారని నమ్ముతాను. పెట్టె ఉంటాది. దొరక్కపోతే...”

“దొరకలేదనే చెప్త,” అన్నాడు కామేష్.

 మూడురోజులు వెతికి దొరకనివాడికి ఇప్పుడెలా దొరుకుతుంది? ఒక్క మాట చెబితే చాలు. చెప్పకూడదు. యూనిస్ పిడికిళ్లు బిగించుకుంది.

కామేష్ జీపీఎస్ తీసి జేబులో పెట్టేసుకున్నాడు. తిన్నగా మెట్ల పక్కనున్న శంకుస్థాపన రాయి దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“ముందుగాల రాయి చదవమని పేజీల ఉంది. నేను ఆ ఒక్క పనే చెయ్యలే ఇన్నిరోజులు. దండం పెట్టుకునే రాయి అనుకుని దూరం జరిగిన.”

నాచు పట్టిన అక్షరాల మీద వేలు ఆనించి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ, ఆ పేరు గల మనిషి వర్క్‌షాపులో చేసిన పనీ. సందులో పిల్లలకి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. యూనిస్ అయినా కూడబలుక్కుంటేనే. నానమ్మ చెప్పగా ఇంగ్లిష్‌లో రాసుకున్న పేర్లు ఇప్పుడు గడగడా తెలుగులో వినబడుతుంటే ఒళ్లు జలదరించింది. ఎలీయాజరు తాత పేరు వచ్చింది. పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. యూనిస్ ముత్తాత పేరు వచ్చింది. అచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“‘గంట, గంట స్తంభములు: వర్క్‌షాపు కూలీలందరి కానుక.’ అయిపోయింది,” అన్నాడు కామేష్. తల ఎత్తి, ఆవరణ మూలనున్న గంట వైపు చూశాడు.

లేచి అక్కడికి నడిచాడు. రెండు ఇనుప స్తంభాలు, పైన అడ్డ దూలం, మధ్యలో గంట. పైకి చూశాడు, కిందికి చూశాడు, చుట్టూ తిరిగాడు. ఏమీ లేదు. తుప్పు, పాత రంగు, బోల్టులు. మళ్లీ తిరిగాడు. వాన పెద్దదైంది. అందరూ చూస్తున్నారు.

“దొరక...” అని నోరు తెరవబోయాడు.

“బాబూ.”

ఇంతవరకూ అతనితో ఒక్క మాట మాట్లాడని జీవానందం వరండా మీద నుంచి పిలిచాడు.

“కళ్లతో ఎంతకని చూస్తావు? చేత్తో చూడు.”

యూనిస్ గిరుక్కున తండ్రి వైపు తిరిగింది. “నాన్నా! హింట్ ఇచ్చీసినావా?”

“నువ్వు ఓనర్‌వి, నువ్వివ్వకూడదు. నేనెవల్ని?” అన్నాడు జీవానందం అమాయకంగా.

కామేష్ స్తంభానికున్న బోల్టులు ఒక్కొక్కటే తడిమాడు. మొదటిది కదల్లేదు. రెండోదీ కదల్లేదు. మూడోది ఇట్టే తిరిగింది. అచ్చం మిగతావాటిలాగే తుప్పు రంగు వేసి, లోపల గుల్లగా లేత్ యంత్రం మీద చేసిన బోల్టు. దాంట్లో చుట్టిన సన్నటి కాగితం.

“దొరికింది!”

ఆ కేకకి పిల్లలంతా అరిచారు. కామేష్ అరచెయ్యి అడ్డం పెట్టి, కాగితం తడవకుండా సంతకం చేశాడు. మళ్లీ చుట్టి, లోపల పెట్టి, బోల్టు బిగించాడు. ఎలీయాజరు స్వయంగా వచ్చి వంగి చూశాడు. ఏది ఆ బోల్టో ఆయనకి తెలియలేదు.

“ఉంచీమ్మా,” అన్నాడు యూనిస్‌తో. “ఉండనీ. కానీ ఆ రాయి ముందు చదివితేనే గాని ఎవల్నీ వెతకనీకు.”

యూనిస్ జనాన్ని చూసుకోలేదు. పరుగున గంట దగ్గరికి వెళ్లింది. “థ్యాంక్స్,” అంది. ఇంకేమీ తోచలేదు.

కామేష్ తల తుడుచుకున్నాడు. “ఇంకొక రూల్ ఉంది గదా యూనిస్ గారూ. పెట్టెలకెళ్లి ఏదన్న తీసుకపోతే, దానికి సమానమైందో ఎక్కువదో పెట్టాలె.”

“ఈ బోల్టులో ఏవీ పట్టవు, సంతకం ఒకటే అని పేజీలో రాశాను. మళ్లీ చదవలేదా?”

“చదివిన, మూడుసార్లు. అందుకే బోల్టు బయట అడుగుతున్న.” గొంతు తగ్గింది, చూపు మాత్రం తగ్గలేదు. “లిలువా నుంచి తీసుకపోవాలనుకున్నదానికి సమానమైంది నా దగ్గర ఏం లేదు. అందుకని నేనే ఇక్కడ ఉండిపోత. ఒప్పుకుంటరా?”

యూనిస్ గంట స్తంభం మీద చెయ్యి ఆనించింది.

“పెట్టినదాన్ని ఓనర్ వారం వారం చూసుకోవాలి. మీకు తెలుసా?” అంది.

“వారం వారం సరిపోదు.”

“రోజూ అంటే రోజూ రావాలి. బంద్ అయినా సరే.”

“ఇయ్యాల వచ్చిన గదా!”

వరండా మీంచి అచ్చమ్మ గొంతు వినబడింది. “ఆ తడిలో ఏటి మాటలు? జీవా, ఆ బాబుని ఇంటికి రమ్మను, దిబ్బరొట్టె ఎడతాను.”

“రమ్మంటాను,” అన్నాడు జీవానందం. కామేష్ తెగిన చెప్పు అందుకుని చూస్తూ, “అలాగే మీ అమ్మానాన్నల్ని కూడా ఓసారి లిలువా రమ్మను బాబూ. రైలు ఇక్కడ ఆగుతాదని చెప్పు.”

ఆ సాయంత్రం యూనిస్ కంప్యూటర్ ముందు కూర్చునేసరికి పేజీలో కొత్త రాత వచ్చి ఉంది. ఒకటే మాట.

“దొరికింది.”

నిజమో కాదో ఓనర్ చూసుకోవాలి. అబద్ధమైతే తీసేయాలి. యూనిస్ చూసుకుంది. పక్క గదిలో నాన్న బనీను తొడుక్కుని, ఫోను పక్కన పెట్టుకుని, మూడో రొట్టెకి వద్దంటూనే చెయ్యి చాపుతున్నాడు ఆ రాసినవాడు.

దాన్ని అలాగే ఉంచేసి కంప్యూటర్ కట్టేసింది.